మడినీటిలో కప్పగ్రుడ్డు పిండమగు విధము

మృగశిర కార్తె ప్రవేశించి తొలకరి వాన గట్టిగా కురిసిన రాత్రి, పల్లెల చుట్టునుగల గుంటలయందును దుక్కి చేసిన మళ్లయందును కప్పలు బెకబెకలాడు సద్దు వినని కృషీవలుడు లేడు. ఆ కూత మగకప్పలది. పసుపువన్నె దాల్చి, గొంతు కిరుప్రక్కల నీలిసంచుల నుబ్బించుచు కూయు బోదురుకప్పలు ఆ కొలది దినములలోనే కనబడును. తెల్లవారి పోయి చూచినచో కూత యుండదు. నీటిలో మాత్రము ఉడికిన సగ్గుబియ్యమువంటి జిగురుముద్దలును, వాని నడుమ ఆవగింజలంతేసి నల్లని చుక్కలును అగుపడును. అవియే కప్పగ్రుడ్లు. ఆ చుక్క యెట్లు కప్ప యగునో, ఎన్నినాళ్లు పట్టునో, ఆ నాళ్లలో మనము మడికి చేయు పనులు దాని కేమి చేయునో ఇచ్చట తెలుపబడును.

కప్ప పైరునకు మేలుచేయునని చెప్పుట క్రొత్తమాట కాదు. పెద్దకప్ప సుడిదోమను, కాండము తొలుచు పురుగుయొక్క తల్లిపురుగును, ఆకుముడత తల్లిపురుగును, మిడుతను, చిన్న ఎండ్రకాయను సైతము మ్రింగును. అయినను పైరునకు శత్రువెవరో మిత్రమెవరో దాని నాలుకకు తెలియదు. పురుగులను పట్టు సాలీడునుకూడ అదే రీతిని తినును. కావున కప్పలున్నచో పురుగే పట్టదని చెప్పుట అతిశయోక్తి. రాత్రివేళ కూలి లేకుండ చేనిలో తిరుగు కాపరి యని మాత్రము దానిని నిస్సంశయముగ చెప్పవచ్చును. పూర్వము మన దేశమునుండి కప్పకాళ్లు విదేశములకు ఎగుమతి యగుచుండెడివి. 1987లో ప్రభుత్వము ఆ ఎగుమతిని నిషేధించినది. కాని గ్రుడ్డులోను, తోకకప్ప దశలోను కలుగు నష్టమును అట్టి నిషేధము లాపజాలవు. అది మడిలోని నీటికి సంబంధించిన విషయము.

అన్ని కప్పలును ఒకే తీరున గ్రుడ్లు పెట్టవు. ఇండ్ల దాపున తిరుగు, మొటిమల చర్మముగల గోదురుకప్ప నీటిలో పొడవైన రెండు జిగురుదారములను విడుచును. వానిలో గ్రుడ్లు నల్లపూసలు గ్రుచ్చినట్లు వరుసగా నుండును. చిన్నజాతులు కొన్ని నీటిపై పలుచని తెట్టెగ పెట్టును. చెట్టుకప్ప నీటిలో పెట్టదు. నీటికి పైగ వ్రేలాడు ఆకులకో తొట్టిగోడకో తెల్లని నురుగుగూడు కట్టి అందు గ్రుడ్లుంచును, పిల్లలు పిమ్మట క్రిందినీటిలోనికి జారిపడును. పెద్దకప్పలు ఒక్కమారునకు వేలకొలది గ్రుడ్లు పెట్టును. పెట్టి వెడలిపోవును, కాచియుండు అలవాటు వానికి లేదు.

గ్రుడ్డును భూతద్దముతో చూచినచో అది యంతయు నలుపు కాదని తెలియును. పైసగము నలుపు లేక ముదురు గోధుమవన్నె. క్రిందిసగము తెలుపు లేక లేతపసుపు. క్రిందిసగమున సొన మిక్కుటము, అందుచే బరువు. ఫలించిన గ్రుడ్డును ఎట్లు త్రిప్పినను కొంతసేపటికి నల్లనిసగమే పైకి తిరుగును. మనము విత్తనమునకు మొలకపరీక్ష చేయునట్లు, కప్పగ్రుడ్లకు దీనినే పరీక్షగ గైకొనవచ్చును. పైనుండి చూచినప్పుడు ముద్ద యంతయు నల్లగ నున్నచో గ్రుడ్లు మంచివి. తెల్లచుక్కలు విస్తారముగ పైకి కనబడుచున్నచో చాలవరకు ఫలింపనివో చెడినవో అనుకొనవలెను.

కోడిగ్రుడ్డునకు పెంకు గలదు. కప్పగ్రుడ్డునకు లేదు. దాని జిగురుపొర దెబ్బ తగులకుండ కాపాడును, తినవచ్చిన ప్రాణికి పట్టు చిక్కనీయదు. కాని లోని పిండము బ్రదుకుటకు నీటిలో కరిగిన ప్రాణవాయువు ఆ పొరగుండనే పోవలెను గదా! ప్రాణవాయువు పోవు త్రోవనే నీటిలో కరిగిన ఇతర వస్తువులును పోగలవు. ఈ యొక్క మాటను చదువరులు జ్ఞప్తియందుంచుకొన ప్రార్థితులు. ముందు దీనితో పనియున్నది.

మగకప్ప ఆడుదాని వీపునెక్కి ముంగాళ్లతో గట్టిగ పట్టుకొనును. ఆడుది గ్రుడ్లు విడుచుచున్నప్పుడే అది వానిపై శుక్రద్రవమును విడుచును. ఫలించుట దేహము వెలుపల, నీటిలో జరుగును. దీనిని ఋజువు చేయుటకై ఇటలీదేశపు స్పల్లన్జాని అను పండితుడు 18వ శతాబ్దమున మగకప్పలకు నీరు దూరని పట్టుగుడ్డతో చిన్నలాగులు కుట్టించి తొడిగెను. అట్టి మగవానితో కూడిన ఆడుకప్పల గ్రుడ్లు ఫలింపలేదు. లాగులో చిక్కిన ద్రవమును తీసి గ్రుడ్లకు పూయగా ఫలించినవి. నవ్వు పుట్టించు ప్రయోగమే, కాని నేడు చేపపిల్లల కేంద్రములలో గ్రుడ్లను పిండి తీసి మగచేప ద్రవముతో కలుపు పద్ధతికి ఇది పెద్దన్న.

శుక్రకణము నల్లనిసగముననే ప్రవేశించును. అది ప్రవేశించిన చోటునకు ఎదుటివైపున, నలుపు తెలుపులు కలియు అంచున, చంద్రవంకవంటి బూడిదవన్నె పట్టీ యొకటి పొడచూపును. కొన్ని జాతులలో అది స్పష్టము, కొన్నిటిలో కనుగొనుట కష్టము. ఆ ప్రక్కయే రాబోవు కప్పకు వీపగును. తలయు తోకయు లేని ఆవగింజలో ఏది వీపో ఏది కడుపో మొదటి చీలికకు ముందే నిర్ణయమైపోవుచున్నది.

పిదప చీలుట మొదలగును. నిమ్మకాయను నిలువున కోసినట్లు పైనుండి క్రిందికి ఒక గాడి పడి గ్రుడ్డు రెండు కణములగును. రెండవ గాడియు నిలువే, మొదటిదానికి అడ్డముగ, నాలుగగును. మూడవది అడ్డగాడి, అది నడుమకు కొంచెము పైగ పడును గాన, పై నాలుగు కణములును చిన్నవి, సొనతో నిండిన క్రింది నాలుగును పెద్దవి. అటుపిమ్మట 16, 32, 64. పైకణములు చురుకుగను, క్రిందివి మందముగను చీలుచుండును. ఆఫ్రికాదేశపు గోళ్లకప్ప గ్రుడ్డు 23 డిగ్రీల సెంటిగ్రేడు నీటిలో మొదటి చీలికకు గంటన్నర తీసికొనుననియు, పిదప సుమారు అరగంట కొకటి చొప్పున చీలుననియు శాస్త్రజ్ఞులు లెక్కించిరి. పండ్రెండు చీలిక లగునప్పటికి కణములు 4,000 పైచిలుకు. ఇంత జరిగినను గ్రుడ్డు పరిమాణము వెండ్రుకవాసియు పెరుగదు, ఉన్నదే ముక్కలగుచున్నది. అంతవరకు పిండము తన స్వంత జన్యువులను దాదాపు వాడుకొనదు. అత్తవారింటికి వచ్చిన కూతురు పుట్టినింటి సారెతో కొన్నాళ్లు గడపినట్లు, తల్లి గ్రుడ్డులో పెట్టి పంపిన పదార్థములతోనే పని నడచును. ఈ నాలుగువేల కణముల దశయందే పిండముయొక్క స్వంత కాపురము ఆరంభము.

వేడిమినిబట్టి వేగము మారును. చలిదేశములలోని చిరుతమచ్చల కప్ప గ్రుడ్డు 18 డిగ్రీల నీటిలో మొదటి చీలికకు 3½ గంటలును, పొరనుండి వెడలుటకు సుమారు 6 దినములును తీసికొనును. మన వానాకాలపు నీరు అంతకంటె ఎంతయో వెచ్చన. గోదురుకప్ప గ్రుడ్లు మనకు ఒకటి రెండు దినములలోనే చిట్లును. కావున రాత్రి పెట్టిన గ్రుడ్లను తెల్లవారి తెచ్చి చూచువారికి గాడులు కనబడవు. కణములు కంటి కందనంత చిన్నవై గ్రుడ్డు మరల నున్నగ నగుపించును. గాడులనే చూడగోరువారు లాంతరు పుచ్చుకొని అర్ధరాత్రమే గుంటకు పోవలెను.

చీలికల వలన గ్రుడ్డు లోపల నీటిగది గల బంతివంటిదగును. తరువాత జరుగునది చీలికలకంటె వింతయైనది. చంద్రవంక యుండిన ప్రక్క, నడుమకు దిగువగ చిన్నగంటు పడును. ఆ గంటు పైపెదవి మీదుగ కణములు వరుసగ లోనికి జారుకొనిపోవును. వెలుపల నల్లనికణములు తెల్లనిసగమును క్రమముగ కప్పుకొనివచ్చును. చివరకు తెలుపు ఒక గుండ్రని బిరడావలె మిగిలి, అదియు లోనికి పోవును. భూతద్దము గలవారికి ఈ తెల్లబిరడా చక్కగ కనబడును. దీనితో బంతి మూడు పొరలైనది. వెలిపొరనుండి చర్మము, మెదడు, వెన్నుపాము పుట్టును. నడిపొరనుండి కండలు, ఎముకలు, గుండె, నెత్తురు. లోపొరనుండి ప్రేవుల లోగోడ, కాలేయము, ఊపిరితిత్తులు. మన పశువులకును, మనకును ఈ మూడు పొరలే ఆధారము. చూలుకట్టిన ఆవు గర్భములో జరుగుదానిని చూడలేము, మడినీటిలో చూడగలము. పండితులు కప్పను ఇంతగ పట్టుకొనుటకు కారణ మిదియే.

ఆ గంటు పైపెదవికి గల శక్తిని జర్మనీదేశమున హాన్స్ స్పేమన్, హిల్డె మాన్‌గోల్డ్ అనువారు 1924లో బయలుపరచిరి. కప్పకు దూరపు చుట్టమైన న్యూటు అను తోకగల జంతువుయొక్క పిండమునుండి ఆ పెదవిని కోసి, వేరొక పిండమునకు కడుపువైపున అంటుకట్టిరి. అచ్చట రెండవ వెన్ను పుట్టి, ఒకే దేహమునకు రెండవ పిండ మంటుకొని పెరిగెను. మామిడి అంటులో కొమ్మ తన గుణమును తాను నిలుపుకొనును, అంతే. ఇచ్చట అంటుముక్క చుట్టునున్న పరాయికణములను సైతము పిలిచి తన పనిలో పెట్టినది. స్పేమనునకు 1935లో నోబెల్ బహుమానము లభించెను. ఆ పనిని చేతులార చేసిన హిల్డె మాన్‌గోల్డ్ అప్పటికి జీవించి లేదు. 1924లోనే చిన్నవయసున అగ్నిప్రమాదమునకు పాలయ్యెను.

మూడు పొరలైన పిండముయొక్క వీపు చదునగును. చుట్ట చుట్టబోవు పొగాకువలె ఆ చదును అంచులు రెండును పైకి లేచి, నడుమ కలిసి గొట్టమగును. గొట్టము ముందుకొన ఉబ్బి మెదడగును, తక్కినది వెన్నుపాము. అంతట గుండ్రనిది పొడుగు సాగును. వెనుక తోకమొగ్గ, ముందు కండ్లచోట రెండు ఉబ్బులు కనబడును. ఒడలిపైనున్న అతిసూక్ష్మమైన కేశముల కదలికచే పిండము జిగురులోపల మెల్లగ తిరుగుచుండును. కొలది గంటలకు కండ లేర్పడి ఉలికిపడును.

బడి పిల్లలచేత దీనిని చూపించుట సులభము. వెడల్పు నోటి గాజుపాత్రలో ఆ గుంటనీటినే పోసి, ఇరువదికి మించకుండ గ్రుడ్లుంచవలెను. ముద్దనంతను తెచ్చినచో ప్రాణవాయువు చాలక కుళ్లును. ఎండ తగులనీయరాదు, తెల్లబడిన గ్రుడ్లను వెంటనే తీసివేయవలెను. క్లోరిను కలిపిన కొళాయినీరు పనికిరాదు. చూచుట ముగిసిన పిమ్మట తెచ్చిన గుంటలోనే విడువవలెను గాని వేరొక చెరువులో విడువరాదు. నీటితోపాటు తెగుళ్లును ప్రయాణము చేయును.

పిండము తన ముఖమునుండి ఊరు ఒక రసముచే జిగురుపొరను కరిగించుకొని వెలువడును. అప్పుడు దానికి నోరు లేదు. గడ్డముక్రింద నున్న జిగురుబుడిపెతో గడ్డిపరకకు అంటుకొని, కడుపులో మిగిలిన సొనతో ఒకటి రెండు దినములు గడపును. మెడ కిరుప్రక్కల కుచ్చులవంటి మొప్పలు వెలుపలనే యుండును. భూతద్దముతో వానిలో నెత్తురు పరుగిడుట చూడవచ్చును. పిదప నోరు తెరచుకొనును. వెలిమొప్పలను చర్మపుమడత కప్పివేయును. నోట త్రాగిన నీరు లోపలి మొప్పలను తడిపి, చాలజాతులలో ఎడమప్రక్కనున్న ఒక్కరంధ్రమునుండి వెడలును. ఇపు డిది తోకకప్ప. కొమ్ముపండ్లవంటి దవడలతో పాకుడును గీకి తినును. దాని ప్రేవు గడియారపు స్ప్రింగువలె చుట్టలుగ కడుపుచర్మముగుండ కనబడును. బోదురుకప్ప పిల్ల మాత్రము ఈ సాధువర్గములోనిది కాదు. దోమపిల్లలను, ఇతర తోకకప్పలను, తన తోబుట్టువులను సైతము తినును.

ఇట్లు మన వేడిమిలో నెల, నెలన్నర గడచును. వెనుకకాళ్లు మొదట మొగ్గలుగ వచ్చి పెరుగును. ముంగాళ్లు మొప్పల కప్పుక్రింద మరుగున పెరిగి, ఒక్కమారుగ బయటపడును. ఈ మార్పును నడపునది గొంతులోని అవటుగ్రంథి రసము. 1912లో గుడెర్నాచ్ అను శాస్త్రజ్ఞుడు తోకకప్పలకు గుఱ్ఱముయొక్క అవటుగ్రంథిని మేపగా అవి వయసు రాకముందే ఈగలంతేసి కప్పలైనవి. మనుష్యులలో అయొడిను లోపముచే ఉబ్బి గళగండమగునది ఈ గ్రంథియే. దాని రసము తగులగనే తోకకప్ప దేహమంతయు తిరుగవేయబడును. మొప్పలు పోయి ఊపిరితిత్తులు పనిలో ప్రవేశించును. పాకుడు తిను పొడుగు ప్రేవు కుదించుకొని పురుగులు తిను పొట్టిప్రేవగును. సన్నని నోరు కండ్ల వెనుకవరకు చీలును. నోరు మారునాళ్లలో అది ఏమియు తినజాలదు. కరిగిపోవుచున్న తోకయే దాని కపుడు అన్నము. ఈతకు తోక లేదు, గెంతుటకు కాళ్లు బలియలేదు. దాని జీవితములో అంతటి దుర్బలదశ మరియొకటి లేదనవచ్చును.

గుంట ఎండిపోవుచున్నచో కొన్ని జాతుల తోకకప్పలు త్వరపడి, చిన్నకప్పలుగనే గట్టెక్కును. ఈ నేర్పునకును హద్దు గలదు. రెండు మూడు దినములలో మడినీరంతయు తీసివేసినప్పుడు ఏ తోకకప్పయు త్వరపడజాలదు. కలుపునకో ఎరువునకో నీరు తీయవలసి వచ్చినప్పుడు మడి పల్లపుమూలన మూరెడు లోతుగ చిన్నగుంట త్రవ్వియుంచినచో, జారు నీటితో అవి అచ్చట చేరును. మరల నీరు పెట్టినంతనే మడిలోనికి వచ్చును. చేపలు పెంచు వరిమళ్లలో కందకము త్రవ్వుట ఈ యుపాయమే. యూరియాను నిలువనీటిలో చల్లినప్పుడు పుట్టు అమోనియా తోకకప్పలకు విషము. నీరు తీసి చల్లి, పిదప నీరు పెట్టుట ఎరువునకును లాభమే గాన ఈ విషయమున రైతునకును కప్పకును తగవు లేదు.

తగవున్నది మందులయొద్ద. గ్రుడ్డునకు పెంకు లేదని పైన చెప్పితిమి. తోకకప్పయు పగలనక రేయనక ఆ నీటినే మొప్పలపైనుండి త్రిప్పుకొనును. పిండదశలో విషము తగిలినవి చచ్చుటయే గాక వంకరతోకలతో, ఉబ్బిన కడుపులతో పుట్టి, తిన్నగ ఈదలేక చుట్టుచుట్టు తిరుగును. 2011లో సుప్రీంకోర్టు ఉత్తరువుచే మన దేశమున నిలిచిపోయిన ఎండోసల్ఫాను చేపలకును తోకకప్పలకును మిక్కిలి విషమైనది. కలుపుమందులనుకూడ పురుగుమందులు కావని తేలికగ చూడరాదు. అమెరికాదేశమున రిల్యా అను శాస్త్రజ్ఞుడు 2005లో ప్రకటించిన పరీక్షలో, నీటిలో చల్లుటకు ఉద్దేశింపబడని గ్లైఫొసేటు మందొకటి తోకకప్పలున్న నీటితొట్లలో పడగా రెండు జాతులు పూర్తిగ నశించినవి, మూడవజాతి ఇంచుమించుగ నశించినది. అట్టి మందులలో గ్లైఫొసేటుకంటె, అది ఆకుకు అంటుటకై కలుపు సబ్బువంటి ద్రవమే జలచరముల కెక్కువ హానికరమని తెలియుచున్నది. చచ్చిన తోకకప్ప ఒక్క దినములో కరిగిపోవును. చేపలు తేలినట్లు అవి తేలి యజమానుని హెచ్చరింపవు.

సుడిదోమ నిజముగ మితిమీరినప్పుడు కప్పలకొరకు మందు మానుమని చెప్పుట పంటను పోగొట్టుకొమ్మనుటయే. మేమట్లు చెప్పము. మానదగినది చేను చూడకయే, నాటిన రెండుమూడు వారములకు అలవాటుగ వేయు తొలిమందు. లేతవరి ఆకుతిను పురుగులవలన పోయిన ఆకును తిరిగి పిలకలతో పూరించుకొనగలదు. వియత్నాము దేశమున మెకాంగు డెల్టాయందు 1994 మొదలు, వెదపెట్టిన తొలి 40 దినములు ఆకుతిను పురుగులకు మందు చల్లవద్దని రైతులకు ప్రచారము చేసిరి. రైతులు చేనిలో కొంతభాగమున మందు మాని, దిగుబడి తగ్గలేదని తామే చూచుకొని, మందు చల్లు మారులను తగ్గించుకొనిరి. ఆ 40 దినములే మడినీటిలో తోకకప్పకు పట్టు దినములు. మన సార్వా మళ్లలోను నాట్లకును తోకకప్పలకును కాలము చాలవరకు కలియుచున్నది. ఎవరైన సభ్యులు తమ చేనిలో పది సెంట్లు వేరుగ గట్టు కట్టి, పైమడినీరు దిగకుండ జాగ్రత్తపడి, ఆ తొలిమందు వేయక, రెండు మళ్లలోను కాళ్లు వచ్చిన తోకకప్పలను వారమున కొకమారు లెక్కించి వ్రాసియుంచినచో వారికే తెలియును.

సిమెంటు తొట్లు, నిటారు గోడల నీటిగుంటలు గలవారికి ఒక మాట. గ్రుడ్లు అందును పెట్టును. పిల్లలు అందును పెరుగును. తోక కరుగునాటికి ఎక్కుటకు గట్టు లేక, మొప్పలు పోయినవి గనుక, నీటిలోనే ఊపిరాడక చచ్చును. అట్టి తొట్టిలో పాతపలక నొకదానిని వాలుగ వేసి, ఒక కొన నీటిలో మునుగునట్లును రెండవ కొన గోడపై నానునట్లును ఉంచిన చాలును.